సున్నా దగ్గర శిఖరం

2025 ఫిబ్రవరి 19న మైక్రోసాఫ్ట్ సంస్థ ‘మయోరానా 1’ అనే చిప్‌ను లోకానికి చూపించింది. కొత్త రకం పదార్థ స్థితిని సాధించామని, పెద్ద క్వాంటం కంప్యూటర్ రావడానికి ఇక దశాబ్దాలు అక్కర్లేదని, కొన్నేళ్లు చాలని ప్రకటించింది. ఆ సంస్థ పరిశోధకుల వ్యాసం అదే రోజు నేచర్ పత్రికలో వచ్చింది. వ్యాసంతో పాటు పత్రిక బయటపెట్టిన సమీక్షల దస్త్రంలో సంపాదకులు ఒక మాట రాసి ఉంచారు. ఆ పరికరాల్లో మయోరానా స్థితులు ఉన్నాయనడానికి ఈ ఫలితాలు సాక్ష్యం కావని. ఒకే పని గురించి, ఒకే రోజు, ఇంత దూరంగా ఉన్న రెండు మాటలు.

ఆ దూరం గురించే ఈ సంవాదం. మాట్లాడేది అక్కాతమ్ముళ్లు. అక్క అతిశీతలంలో విద్యుత్ కొలతలు చేసే ప్రయోగశాస్త్రజ్ఞురాలు, తమ్ముడు సిద్ధాంతం చేసేవాడు. ఈ ఇద్దరూ నా కల్పన. వాళ్లు చెప్పే ప్రయోగాలు, పేర్లు, సంవత్సరాలు కల్పన కావు. నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలిసిపోతుంది, దాచే ఉద్దేశం కూడా లేదు.

తమ్ముడు: ముందు వెతుకుతున్నదేమిటో చెప్పనివ్వు అక్కా. అది చెప్పకుండా దొరికిందా లేదా అని కొట్లాడుకుంటే వినేవాళ్లకి ఏమీ అర్థం కాదు. 1937లో ఇటలీలో ఎత్తోరే మయోరానా ఒక సమీకరణం రాశాడు. తనకు తానే ప్రతికణం అయిన కణం ఉండవచ్చని దాని సారం. మరుసటి ఏడాది మార్చిలో ఆయన కనబడకుండా పోయాడు, ఏమయ్యాడో ఇప్పటికీ తెలియదు. ఆయన ఊహించిన కణం ప్రకృతిలో ఉందో లేదో కూడా తేలలేదు. అయితే అతివాహకంలో, అంటే సూపర్‌కండక్టర్‌లో, ఆ కణాన్ని పోలిన స్థితి ఉండగలదు. అక్కడ ఎలక్ట్రాన్లు జంటలు కట్టి ఉంటాయి. జంట విడిపోయి ఏదైనా కదిలితే, ఆ కదిలేది పూర్తి ఎలక్ట్రాన్ కాదు, పూర్తి రంధ్రమూ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ) కాదు, రెండింటి కలయిక. శక్తి సరిగ్గా సున్నా అయిన చోట ఆ కలయిక సగం సగం. అదే మయోరానా స్థితి. 2001లో కితాయెవ్ దీనికి ఒక తీగ నమూనా ఇచ్చాడు. తీగలో ప్రతి ఎలక్ట్రాన్‌నూ రెండు సగాలుగా రాసుకో. ఒక ఎలక్ట్రాన్ కుడి సగం పక్క ఎలక్ట్రాన్ ఎడమ సగంతో జత కడితే, తీగ మొదట్లో ఒక సగం, చివర్లో ఒక సగం జత లేకుండా మిగిలిపోతాయి. ఆ రెండూ కలిస్తేనే ఒక ఎలక్ట్రాన్ స్థితి. అది నిండి ఉందా, ఖాళీగా ఉందా అన్నది ఏ ఒక్క కొసను చూసినా తెలియదు. ఒక్క చోట జరిగే అలజడి ఆ సమాచారాన్ని పాడుచేయలేదు. ఈ రకం రక్షణనే టోపలాజికల్ అంటారు. మిగతా క్వాంటం బిట్లన్నీ చిన్న అలజడికే చెడిపోతుంటే, దీని మీద ఇంత ఆశ ఎందుకో ఇక చెప్పనక్కర్లేదు.

అక్క: ఆ నమూనా ఎంత చక్కనిదో నాకూ తెలుసురా. కానీ అలాంటి తీగ ప్రకృతి మనకు ఇవ్వలేదు. మామూలు అతివాహకాల్లో జంట కట్టే ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటాయి. కితాయెవ్‌కి కావలసింది ఒకే వైపు స్పిన్ ఉన్న జంటలు. 2010లో లుట్చిన్, సౌ, దాస్ శర్మ ఒక బృందంగా, ఒరెగ్, రెఫాయెల్, ఫాన్ ఓపెన్ మరో బృందంగా దానికి దారి చెప్పారు. ఇండియం యాంటిమొనైడ్ లాంటి అర్ధవాహకపు నానోతీగ తీసుకుని, దాన్ని అతివాహకానికి ఆనించి, తీగ వెంబడి అయస్కాంత క్షేత్రం పెట్టి, మిల్లీకెల్విన్‌లకు చల్లార్చాలి. క్షేత్రం ఒక హద్దు దాటగానే శక్తి గ్యాప్ మూసుకుపోయి మళ్లీ తెరుచుకుంటుంది, అప్పుడు రెండు కొసల్లోనూ మయోరానాలు పుడతాయి. ఇదీ వాళ్లు చెప్పింది. ఇందులో నా చేతికి అందేదేమిటో చూడు. తీగ కొసకు ఒక లోహపు కనెక్షన్ ఇచ్చి, మధ్యలో సన్నటి అడ్డు ఉంచి, వోల్టేజీ మారుస్తూ ఎంత కరెంటు దూరుతుందో కొలుస్తాను. గ్యాప్ ఉన్నంత మేర దాదాపు ఏమీ దూరదు. సరిగ్గా సున్నా వోల్టేజీ దగ్గర ఒక శిఖరం లేస్తే, అక్కడ సున్నా శక్తి ఉన్న స్థితి ఏదో ఉందన్నమాట. అంతవరకే. గుమ్మం దగ్గర చెప్పులు చూసి లోపల ఎవరో ఉన్నారనొచ్చు, ఫలానా మనిషే ఉన్నాడని తేల్చలేం.

తమ్ముడు: ఊరికే శిఖరం కనబడితే నువ్వన్నది నిజం. కానీ 2012లో డెల్ఫ్ట్‌లో కౌవెన్‌హోవెన్ బృందం చూసింది ఊరికే శిఖరం కాదు. క్షేత్రం లేనప్పుడు శిఖరం లేదు. సుమారు 100 మిల్లీటెస్లా దాటాక వచ్చింది, క్షేత్రం ఇంకా పెంచినా సున్నా నుంచి కదల్లేదు. క్షేత్రాన్ని తీగలోని స్పిన్-ఆర్బిట్ దిశకు తిప్పితే మాయమైంది. అతివాహకం బదులు మామూలు లోహం పెడితే అసలు రాలేదు. సిద్ధాంతం ముందే చెప్పిన షరతులు ఒక్కొక్కటిగా సరిపోయాయి. రెండేళ్ల ముందు కాగితం మీద రాసింది రెండేళ్ల తర్వాత ఫ్రిజ్‌లో కనబడితే, దాన్ని ఆధారం అనకుండా ఏమంటాం?

అక్క: ఆ వ్యాసం నిజాయితీగా రాసిందే. తాము చూసింది మయోరానా సంకేతాలు అన్నారు, మయోరానా దొరికిందనలేదు. నీ జాబితాలో ఒకటి మాత్రం వదిలేశావు. మయోరానా వల్ల వచ్చే శిఖరానికి ఒక కచ్చితమైన ఎత్తు ఉండాలి. లోపలికి పోయిన ఎలక్ట్రాన్ ప్రతిసారీ రంధ్రంగా తిరిగి రావాలి కాబట్టి వాహకత రెండు ఈ-స్క్వేర్ బై హెచ్ (ఈ ఎలక్ట్రాన్ ఆవేశం, హెచ్ ప్లాంక్ స్థిరాంకం) అవుతుంది. అంటే సుమారు 77.5 మైక్రోసీమెన్‌లు, నిరోధంగా చెబితే 12,906 ఓమ్‌లు. డెల్ఫ్ట్ శిఖరం అందులో 5 శాతం దగ్గర ఆగిపోయింది. వేడి వల్ల తగ్గిందని ఒక వివరణ ఉంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడి నుంచే అందరూ ఆ అంకె వెంట పడ్డారు. శిఖరం ఎత్తు సరిగ్గా అంతే చూపిస్తే పని అయిపోయినట్టే అనుకున్నారు. ఈ రంగానికి జరిగిన పెద్ద హాని అదే.

తమ్ముడు: 2018 సంగతికి వస్తున్నావు.

అక్క: రాకుండా ఎలా? అదే డెల్ఫ్ట్ ప్రయోగశాల నుంచి నేచర్‌లో వ్యాసం వచ్చింది. ఈసారి అల్యూమినియం పూత వేసిన మెరుగైన తీగ. శిఖరం ఎత్తు సరిగ్గా ఆ అంకె దగ్గరకు చేరి, అక్కడే చదునుగా నిలిచినట్టు పటాలు. ‘క్వాంటైజ్డ్ మయోరానా కండక్టెన్స్’ అని శీర్షిక. లోకమంతా నమ్మింది. ఇద్దరు మాత్రం ముడి డేటా అడిగారు. ఒకరు పిట్స్‌బర్గ్‌లో పనిచేస్తున్న సెర్గెయ్ ఫ్రోలోవ్, మరొకరు విన్సెంట్ మౌరిక్. వీళ్లెవరో బయటివాళ్లు కాదు. 2012 వ్యాసానికి మౌరిక్ మొదటి రచయిత, ఫ్రోలోవ్ సహరచయిత. డేటా చేతికొచ్చాక చూస్తే, ప్రచురించిన పటాల్లో లేని భాగాల్లో శిఖరం ఆ అంకెను దాటి పైకి పోయింది. చదును అనుకున్నది ఒక ఎంచుకున్న కిటికీలో మాత్రమే చదును. 2021 మార్చిలో శాస్త్రీయ కచ్చితత్వం చాలలేదని చెప్పి రచయితలే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. విచారించిన నిపుణుల సంఘం కల్పించాలన్న ఉద్దేశం కనబడలేదని, ఆ క్షణపు ఉత్సాహంలో కొట్టుకుపోయారని చెప్పింది. ఆ మాట చదివినప్పుడు నాకు కోపం కంటే భయం ఎక్కువ వేసింది. మోసగాడైతే తప్పించుకుని తిరగొచ్చు. ఉత్సాహం మాత్రం ప్రతి ప్రయోగశాలలోనూ ఉంటుంది, నాలోనూ ఉంటుంది.

తమ్ముడు: అయినా ఒక వ్యాసం పోయినంత మాత్రాన మయోరానా లేదని తేలినట్టు కాదు. తప్పు బయటపడింది, వెనక్కి తీసుకున్నారు. శాస్త్రం నడిచే తీరే అది.

అక్క: నడిచింది, కానీ ఇద్దరు మనుషులు తమ స్నేహాలు, భవిష్యత్తు పణంగా పెట్టి నడిపిస్తే నడిచింది. పోనీ ఆ ఒక్కటే అయితే సరే అనుకుందును. 2017లో లాస్ ఏంజెలెస్ నుంచి మరో వ్యాసం వచ్చింది, అది సైన్స్ పత్రికలో. అయస్కాంత టోపలాజికల్ ఇన్సులేటర్ పొర మీద నియోబియం పట్టీ వేసి, వాహకత సరిగ్గా సగం ఈ-స్క్వేర్ బై హెచ్ దగ్గర నిలవడం చూశామన్నారు. అంచు వెంబడి పరిగెత్తే మయోరానా అది అన్నారు. స్టాన్‌ఫర్డ్ సిద్ధాంతకర్త షౌచెంగ్ ఝాంగ్ దానికి దేవదూత కణం అని పేరు కూడా పెట్టాడు. మూడేళ్ల తర్వాత పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు, మరికొందరు కలిసి అలాంటి పరికరాలే చేసి చూశారు. సగం కనబడింది. అయితే మయోరానా ఉండే వీలు లేని షరతుల్లో కూడా కనబడింది. కారణం చాలా మామూలుది. పొరకూ అతివాహకానికీ మంచి అతుకు కుదిరితే ఆ పట్టీ సర్క్యూట్‌ను రెండు ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క నిరోధం హెచ్ బై ఈ-స్క్వేర్. రెండూ వరుసగా కలిస్తే నిరోధం రెట్టింపు, వాహకత సగం. ఇంటర్మీడియట్‌లో చెప్పుకునే శ్రేణి సంధానం. 2022లో ఆ లాస్ ఏంజెలెస్ వ్యాసాన్నీ సైన్స్ వెనక్కి తీసుకుంది, ముడి డేటాకూ ప్రచురించిన దానికీ పొంతన లేదని.

తమ్ముడు: సరే, అంకెల మీద నీ అనుమానం న్యాయమైనదే. కొసలో ఏదో ఒక మలినం, లేదా అడ్డు దగ్గర వోల్టేజీ మెల్లగా మారడం వల్ల మామూలు ఆండ్రీవ్ స్థితి, అంటే అతివాహకం అంచున చిక్కుకునే ఎలక్ట్రాన్-రంధ్రం స్థితి, కూడా సున్నా దగ్గరకొచ్చి కూర్చుంటుందని మా వైపు వాళ్లే ముందుగా చెప్పారు. 2010లో ఈ తీగల దారి చూపిన దాస్ శర్మే, ఇప్పటిదాకా కనబడ్డ శిఖరాల్లో చాలావాటికి మలినాలే కారణమని పదేళ్ల తర్వాత తన శిష్యులతో కలిసి లెక్కలు కట్టి మరీ రాశాడు. కానీ నువ్వు తీగల దగ్గరే ఆగిపోతున్నావు. కరెంటు కొలత ఒక్కటే దారి కాదు, కళ్లతో చూసే దారి ఉంది. ఇనుము, టెల్యురియం, సెలీనియం కలిసిన అతివాహకం ఉంది కదా. దాని ఉపరితలం టోపలాజికల్ అని వేరే కొలతలు చెప్పాయి. అందులోకి అయస్కాంత క్షేత్రం సుడులుగా చొరబడుతుంది. 2018లో బీజింగ్‌లో హాంగ్ డింగ్, హాంగ్‌జున్ గావ్ బృందాలు స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్ మొనను ఒక సుడి నడిమధ్య నిలిపితే సున్నా దగ్గర శిఖరం కనబడింది. మొనను పక్కకు జరుపుతూ పోతే శిఖరం చీలిపోకుండా సన్నగిల్లింది. మామూలు సుడి స్థితులైతే చీలి రెండుగా కనబడాలి. ఇక్కడ తీగ లేదు, అడ్డు లేదు, పూత లేదు. ఒకే స్ఫటికం.

అక్క: ఈ ప్రయోగం నాకూ నచ్చుతుంది. కానీ అదే స్ఫటికంలో అన్ని సుడుల్లోనూ ఆ శిఖరం ఉండదు. జపాన్‌లో రికెన్ వాళ్లు 2019లో, ఇంకా చల్లని మైక్రోస్కోప్‌తో, శక్తులను ఇంకా సన్నగా విడదీసి చూశారు. కొన్ని సుడుల్లో సున్నా శిఖరం ఉంది, కొన్నింట్లో లేదు. క్షేత్రం పెంచేకొద్దీ ఉన్నవాటి వాటా తగ్గింది.

తమ్ముడు: తగ్గాలి కూడా! క్షేత్రం పెరిగితే సుడులు దగ్గరవుతాయి. దగ్గరైతే ఒక సుడిలోని మయోరానాకూ పక్కదానికీ మాటామంతీ మొదలై, రెండూ సున్నా నుంచి పక్కకు జరుగుతాయి. నువ్వు లోపం అంటున్నదే నాకు సాక్ష్యం. మలినం వల్ల వచ్చిన శిఖరమైతే పక్క సుడి ఎంత దూరంలో ఉందో దానికి పట్టింపు ఎందుకు?

అక్క: ఇది మంచి వాదన. నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. మలినాలు కూడా సుడులను పట్టి ఉంచుతాయి, క్షేత్రంతో ఆ అమరిక మారుతుంది, కాబట్టి తలుపు పూర్తిగా మూయలేనంటాను. అంతకు మించి అనను.

(ఇక్కడ నా మాట ఒకటి. ఈ రంగం మీద పత్రికల్లో వచ్చే రాతల్లో ఈ సుడుల పని దాదాపు కనబడదు. చిప్పులకు వచ్చినంత పేరు దానికి రాలేదు. అసలు చర్చ జరగాల్సింది ఇక్కడే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.)

తమ్ముడు: తలుపు మూయలేను అంటావు, తెరవవు కూడా. నీకు కావలసిందేమిటి అక్కా? మయోరానాలను ఒకదాని చుట్టూ ఒకటి తిప్పి, స్థితి మారిందని చూపేదాకా ఏదీ ఒప్పుకోనంటే, అది చేయగలిగే పరికరం కట్టడానికి ముందు ఎవరూ ఏమీ నమ్మకూడదన్నమాట. న్యూట్రినోను పౌలీ 1930లో ఊహించాడు, రైన్స్, కోవన్ 1956లో పట్టుకున్నారు. మధ్యలో ఉన్న ఆ 26 ఏళ్లూ బీటా క్షయం లెక్కలు దాన్ని నమ్మే నడిచాయి.

అక్క: ఆ లెక్కలు న్యూట్రినోను నమ్మాయంతే, దొరికిందని అనలేదు కదరా. నమ్మకంతో పనిచేయడం వేరు, దొరికిందని చెప్పడం వేరు. నాకు కావలసింది తిప్పి చూపడం కాదు. నేను అడిగేది చిన్న పని. మయోరానా ఉండకూడని చోట కూడా అదే కొలత చేసి చూపించు. శిఖరం అక్కడా వస్తే నీ సాక్ష్యం సాక్ష్యం కాదు. ఈ చిన్న పని చెయ్యకపోవడం వల్ల ఎంత కాలం పోతుందో చెప్తాను, విను. స్ట్రాన్షియం రుథినేట్ గుర్తుందా?

తమ్ముడు: గుర్తు లేకేం? మా తరం పాఠాలన్నీ దానితోనే మొదలయ్యాయి. ఒకే వైపు స్పిన్ జంటలకు ఉదాహరణ అని.

అక్క: 1994లో మాయెనో, ఆయన సహచరులు దాన్ని అతివాహకంగా కనిపెట్టారు. శుభ్రమైన స్ఫటికాలు ఒకటిన్నర కెల్విన్ దగ్గర అతివాహకాలవుతాయి. 1998లో క్యోటోలో ఇషిదా బృందం న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్‌తో ఆక్సిజన్ కేంద్రకాలను తాకి చూసింది. దీనిలోని తర్కం సులువు. జంటలో స్పిన్‌లు ఎదురెదురుగా ఉంటే ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కాబట్టి అతివాహకంగా మారగానే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రానికి ఇచ్చే స్పందన పడిపోవాలి. ఆ స్పందనకు కొలతే నైట్ షిఫ్ట్. రుథినేట్‌లో అది పడలేదు. అందుకని ఒకే వైపు స్పిన్ జంటలు అన్నారు. ఆ నిర్ణయం మీద ఇరవై ఏళ్ల సిద్ధాంతం కట్టారు. ఇదే సహజ టోపలాజికల్ అతివాహకం అన్నారు, దాని సుడుల్లో మయోరానా ఉంటుందన్నారు. 2019లో లాస్ ఏంజెలెస్‌లో స్టువర్ట్ బ్రౌన్ బృందం, పుస్టోగో మొదటి రచయితగా, అదే కొలత మళ్లీ చేసింది. ఈసారి రేడియో పల్స్ బలం తగ్గిస్తూ పోయారు. తగ్గించేసరికి నైట్ షిఫ్ట్ పడిపోవడం కనబడింది! అంతకు ముందు వాడిన బలమైన పల్స్ ఒక్క క్షణం స్ఫటికాన్ని వేడెక్కించింది. కొలిచిన ఆ క్షణంలో అది అతివాహకం కాదు, మామూలు లోహం. మామూలు లోహంలో స్పందన పడదు మరి. ఇషిదా బృందమే మళ్లీ కొలిచి, కొత్త ఫలితమే సరైనదని ఒప్పుకుంది. వాళ్లంటే నాకు అపారమైన గౌరవం. కానీ 1998లోనే పల్స్ బలం నాలుగు రకాలుగా మార్చి చూసి ఉంటే ఇరవై ఏళ్ల మేధస్సు వేరే చోట ఖర్చయ్యేది.

తమ్ముడు: అది ఇప్పుడు అనడం తేలిక.

అక్క: తేలికే. అందుకే ముందే అనడం నేర్చుకోవాలంటున్నాను. చేసినవాళ్లూ ఉన్నారు. 2020లో కోపెన్‌హాగన్ నుంచి సైన్స్‌లో ఒక వ్యాసం వచ్చింది. చుట్టూ అల్యూమినియం తొడుగు ఉన్న తీగలో, లోపలికి ఒక ఫ్లక్స్ క్వాంటం దూర్చితే సున్నా శిఖరం వస్తుందని, అది మయోరానాదని. మరుసటి ఏడాదే అదే పత్రికలో ఆస్ట్రియా నుంచి కాట్సారోస్ బృందం, వాలెంతీని మొదటి రచయితగా, అలాంటి తీగల్లోనే కొలిచి జవాబిచ్చింది. శిఖరం వస్తుంది, అయితే అడ్డు దగ్గర అనుకోకుండా ఏర్పడ్డ క్వాంటం డాట్ వల్ల, అంటే ఎలక్ట్రాన్లు చిక్కుకునే చిన్న గుంట వల్ల, వస్తుంది. ఫ్లక్స్ దాని శక్తిని సున్నాకు లాగుతుంది. డాట్ లేకుండా చేస్తే శిఖరమూ లేదు. మయోరానా సాహిత్యంలో ఒక్క వ్యాసం చదవమని ఎవరైనా నన్నడిగితే నేను దీన్నే చేతిలో పెడతాను.

తమ్ముడు: నువ్వన్నదే మైక్రోసాఫ్ట్ వాళ్లు చేయబోయారు కదా. చేతన్ నాయక్ బృందం ఇష్టం వచ్చిన శిఖరాన్ని ఎంచుకునే పద్ధతి మానేసింది. ఇండియం ఆర్సెనైడ్, అల్యూమినియం పరికరాల మీద ముందే ఒక పరీక్షా క్రమం ప్రకటించింది. రెండు కొసల్లోనూ ఒకేసారి సున్నా శిఖరం రావాలి, మధ్యలో గ్యాప్ మూసుకుని మళ్లీ తెరుచుకోవాలి, అది తీగ ఒక కొస నుంచి మరో కొసకు కొలవాలి. పాసైనది నిజానికి టోపలాజికల్ కాకపోయే అవకాశం 8 శాతం లోపేనని సిమ్యులేషన్లతో లెక్క కట్టారు. 2023లో ఫిజికల్ రివ్యూ బిలో అచ్చయింది. ఇంతకు మించి నిజాయితీ ఏముంటుంది?

అక్క: ఆలోచన మంచిదే, ఒప్పుకుంటాను. కానీ వాళ్లు చెప్పే టోపలాజికల్ గ్యాప్ 20 నుంచి 60 మైక్రో ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. అల్యూమినియం సొంత గ్యాప్ 200 దగ్గర ఉంటుంది. అంత చిన్న గ్యాప్ తెరుచుకుందా లేదా అని మసక డేటాలో తేల్చాలి. సెయింట్ ఆండ్రూస్‌లో పనిచేసే హెన్రీ లెగ్ ఆ క్రమాన్నే పరీక్షకు పెట్టాడు. క్షేత్రం, వోల్టేజీల హద్దులు కాస్త మార్చితే అదే పరికరం ఒకసారి పాసవుతుంది, ఒకసారి ఫెయిలవుతుందని చూపించాడు. పరీక్ష ముందే ప్రకటించినా, దేని మీద పెడతావన్నది నీ చేతిలోనే ఉంటే ఏం లాభం?

తమ్ముడు: వాళ్లు దానికి జవాబిచ్చారు. ఆ వాదం ఇంకా నడుస్తోంది. అసలు 2025 వ్యాసాన్ని నువ్వే సరిగ్గా చదవాలి. అందులో వాళ్లు చేసింది పారిటీ కొలత. తీగ రెండు కొసలనూ క్వాంటం డాట్ ద్వారా ఒక ఉంగరంగా కలిపి, లోపలి ఎలక్ట్రాన్ల సంఖ్య సరి ఉందా బేసి ఉందా అన్నది డాట్ కెపాసిటెన్స్‌లో చదివారు. ఒక్క చూపులో, 1 శాతం తప్పుతో. స్థితి మిల్లీసెకండ్ పైగా నిలిచింది. ఈ కొలత ఒక్కటే ఆ స్థితి టోపలాజికలా కాదా అన్నది తేల్చదని ఆ వ్యాసం సారాంశంలోనే వాళ్లే రాశారు. ప్రకటన చేసిన గొంతు వేరు, వ్యాసం గొంతు వేరు. వ్యాసాన్ని ప్రకటనతో కలిపి కొట్టడం అన్యాయం.

అక్క: వ్యాసం మంచి ఇంజనీరింగ్. పారిటీని అంత వేగంగా చదవడం చిన్న విషయం కాదు. నా గొడవ ప్రకటనతోనే. ఎందుకంటే డబ్బు ఇచ్చేవాళ్లు, పిల్లల్ని చదివించేవాళ్లు వినేది ప్రకటనే. మన దగ్గరే చూడు. కేంద్రం 2023 ఏప్రిల్‌లో 6,003 కోట్ల పైచిలుకుతో జాతీయ క్వాంటం మిషన్ ఆమోదించింది. అమరావతిలో ఐబీఎం 156 క్యూబిట్ల హెరాన్ యంత్రం పెడతామని 2025లో ప్రకటించారు. అదీ అతివాహకాలతో చేసిందే కానీ వేరే రకం, మయోరానాతో పనిలేనిది. ఈ తేడా తెలియకుండా ఇంజనీరింగ్ కాలేజీల్లో చేరే పిల్లలకు టోపలాజికల్ చిప్ వచ్చేసిందని చెబితే, వాళ్లు లేనిదాని మీద ప్రోగ్రాములు రాయడానికి సిద్ధమవుతారు. ఉన్నదాన్ని కొలవడం నేర్చుకోరు.

తమ్ముడు: మరి నీకు నచ్చిన దారి ఏదైనా ఉందా, లేక అన్నీ వద్దేనా?

అక్క: ఉంది. 2023లో డెల్ఫ్ట్ వాళ్లే చేసిన పని. తీగలో ఏం జరుగుతోందో తెలియదు కాబట్టే ఇన్ని తిప్పలు. అందుకని వాళ్లు కితాయెవ్ గొలుసును లంకె లంకెగా కట్టడం మొదలుపెట్టారు. రెండు క్వాంటం డాట్లు, మధ్యలో అతివాహకం. ఎలక్ట్రాన్ ఒక డాట్ నుంచి మరోదానికి దూకే బలాన్నీ, రెండూ జంట కట్టే బలాన్నీ సమానం చేస్తే, ఆ ఒక్క బిందువు దగ్గర ఒక్కో డాట్ మీద ఒక్కో మయోరానా. లైన్‌సే, ఫ్లెన్స్‌బర్గ్ 2012లో చెప్పిన ఆలోచన అది. వాళ్లే వాటిని పేదవాడి మయోరానాలు అన్నారు, ఎందుకంటే వాటికి టోపలాజికల్ రక్షణ లేదు. ఆ బిందువు నుంచి కాస్త జరిగితే పోతాయి. అయినా నాకు అవే ఇష్టం. ఎందుకు వచ్చాయో తెలుసు, ఏ మీట తిప్పితే పోతాయో తెలుసు, తిప్పితే పోతున్నాయి కూడా.

తమ్ముడు: ఇక్కడే నేను నీతో కలవలేను. రక్షణ లేని మయోరానాను చూపించి ఇదే నిజాయితీ అంటే, మనం వెతుకుతున్నదాన్నే వదులుకున్నట్టు. మీటలు తిప్పి సరిచేయక్కర్లేకుండా నిలిచేదే కదా మనకు కావలసింది! మూడు డాట్ల గొలుసు కొంచెం గట్టిగా నిలిచిందని ఆ తర్వాత చూపించారు, సంతోషం. కానీ పొడుగాటి గొలుసుకి ఎన్ని డాట్లు, ఎన్ని మీటలు కావాలో లెక్క వేశావా? ప్రకృతి తనంతట తాను ఇచ్చే పదార్థం ఉంటే దాన్ని వెతకాలి. యురేనియం డైటెల్యురైడ్ చూడు. 2019లో మేరీల్యాండ్ వాళ్లు బయటపెట్టారు. 1.6 కెల్విన్ దగ్గర అతివాహకం అయ్యే పదార్థం, ఒక దిశలో 35 టెస్లా దాకా అతివాహకంగానే ఉంటుంది. ఎదురెదురు స్పిన్ జంటలైతే అంత క్షేత్రంలో ఎప్పుడో విడిపోవాలి. షేమస్ డేవిస్ బృందం 2025లో మైక్రోస్కోప్ మొననే నియోబియం అతివాహకంతో చేసి దాని ఉపరితలం చూసింది. సున్నా శక్తి దగ్గర ఉపరితల స్థితి కనబడింది. మొనను ఇంకా దగ్గరకు తెస్తే అది రెండుగా చీలింది. ఏ రకం జంటలకు ఎలా చీలాలో సిద్ధాంతం ముందే చెప్పింది.

అక్క: ఆ పని నేను ఆసక్తిగా చదివాను. నన్ను ఒప్పించిన దగ్గర చెప్తాను. వాళ్లు శిఖరం చూసి ఆగిపోలేదు. మొన దూరాన్ని మీటలాగా వాడుకుని, శిఖరాన్ని చీల్చి చూశారు. కానీ ఇదే పదార్థం గురించి 2020లో వేరే మైక్రోస్కోప్ పని, జంటలు ఒక వైపుకు తిరుగుతూ ఉంటాయని చెప్పింది. ఈ కొత్త పని అందుకు అనుకూలంగా లేదు. తొలినాటి స్ఫటికాలకూ ఇప్పుడు 2.1 కెల్విన్ దగ్గర మారే శుభ్రమైన స్ఫటికాలకూ తేడా ఉంది. మరి కొన్నేళ్లు ఆగాలి.

తమ్ముడు: ఆగుదాం. కానీ చివరికి ఏ ప్రయోగం చూస్తే ఒప్పుకుంటావో ఇప్పుడే చెప్పు. తర్వాత మాట మార్చకుండా.

అక్క: ఫ్యూజన్. నాలుగు మయోరానాలు. ఒక జత చొప్పున కలిపి పారిటీ చదువు, తర్వాత జతలు మార్చి చదువు. మార్చి చదివినప్పుడు సరి, బేసి సగం సగం రావాలి. ఆ మారిన జతనే వెంటనే మళ్లీ చదివితే అప్పుడు వచ్చిన జవాబే రావాలి. ఇంతవరకు నువ్వూ ఒప్పుకుంటావు. నేను అదనంగా అడిగేది, అదే చిప్ మీద, అదే వారంలో, క్షేత్రాన్ని హద్దు కిందికి దించి ఇదే వరుస మొత్తం మళ్లీ చేయడం. మామూలు ఆండ్రీవ్ స్థితులు కూడా కొన్ని అమరికల్లో సగం సగం ఇవ్వగలవు. హద్దు కింద అది రాకూడదు. తీగ పొడవు రెట్టింపు చేసిన మరో చిప్ మీద పారిటీ పొరపాట్లు ఎన్నో రెట్లు తగ్గాలి, కొంచెం కాదు. తీసుకున్న డేటా మొత్తం, పనికిరాని చిప్పులది కూడా, వ్యాసంతో పాటు బయట పెట్టాలి.

తమ్ముడు: ఒక పని చేసే చిప్ కోసం పదుల చిప్పులు చేస్తారు. పని చేయని వాటి మీద ఫ్రిజ్ సమయం ఎవరు పెడతారు? కంపెనీ పెట్టదు. పత్రికలు అలాంటి వ్యాసం వేయవు. పీహెచ్‌డీ పిల్లవాడికి దాని మీద ఉద్యోగం రాదు.

అక్క: అందుకే ఆ పనికి ప్రజల డబ్బు కావాలంటున్నాను. క్వాంటం మిషన్ కింద నాలుగు హబ్‌లు పెట్టారు కదా, పదార్థాలు, పరికరాల హబ్ ఢిల్లీ ఐఐటీలో ఉంది. అందులో ఒక డైల్యూషన్ ఫ్రిజ్‌ను పూర్తిగా ఇతరుల ఫలితాలను మళ్లీ కొలవడానికి కేటాయించమను. కొత్తది కనిపెట్టాలన్న ఒత్తిడి ఆ ఫ్రిజ్ మీద ఉండకూడదు. ఎవరైనా చిప్ పంపితే కొలిచి, వచ్చింది వచ్చినట్టు ప్రచురించడమే దాని పని.

తమ్ముడు: మన దేశానికి ఉన్న కొద్ది ఫ్రిజ్‌లలో ఒకటి అలా ఇచ్చేస్తే, మన వాళ్లు సొంతంగా చేయగలిగింది వెనకపడుతుంది. నేను ఒప్పుకోను.

అక్క: ఒప్పుకోకపోతే మానెయ్యి. డెల్ఫ్ట్ తీగలను పిట్స్‌బర్గ్‌లో అనుమానించారు, కోపెన్‌హాగన్ తీగలను ఆస్ట్రియాలో కొలిచి చూశారు, లాస్ ఏంజెలెస్ పొరను పెన్సిల్వేనియాలో మళ్లీ చేశారు. ఈ రంగంలో ఇవాళ మనం ఖాయంగా చెప్పగలిగిన విషయాల్లో సగం ఆ రెండో చోటు నుంచే వచ్చాయి.